సరిహద్దు జిల్లాల తెలుగు రాత: చిత్తుప్రతి దగ్గర చేయి ఎందుకు ఆగుతుంది

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురంలో గానీ, అటు మహారాష్ట్రలో సిరొంచ, బల్లార్షా, ధర్మాబాద్ వైపు గానీ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియానో మరాఠీనో చదువుకున్నవారు ఎందరో ఉన్నారు. వాళ్లు తెలుగులో ఏదైనా రాయాలని కూర్చుంటే చాలాసార్లు మొదటి పేజీ దాటదు. చెప్పడానికి సంగతులకు కొదవుండదు. నోటితో చెప్పమంటే అరగంట ఆపకుండా చెప్పగలరు. చేయి ఆగేది అక్షరం దగ్గర, మాట దగ్గర. ఇక్కడ ల రాయాలా ళ రాయాలా, ఈ మాట తెలుగేనా ఒడియానా, విశాఖపట్నంలోనో వరంగల్‌లోనో చదివేవాళ్లు నవ్వుకుంటారేమో... ఇలా వాక్యానికొక సందేహం అడ్డుపడుతుంది. పది వాక్యాలు రాసేసరికి ఓపిక అయిపోతుంది. అసలు సంగతి మనసులోనే ఉండిపోతుంది.

భాష బాగా నేర్చుకున్నాకే రాద్దామని ఆగితే ఆ రోజు ఎప్పటికీ రాదు. రాతను రెండు పనులుగా విడదీసుకోవడం ఒక్కటే దారి. సంగతిని బయటికి లాగడం మొదటి పని. చదివేవాళ్లకు తగ్గట్టు దాన్ని దిద్దడం రెండో పని. చిత్తుప్రతి మొదటి పనికే. ఈ మాట ఎక్కడ రాసేవారికైనా చెల్లుతుంది, కానీ సరిహద్దులో దీని అవసరం ఇంకా ఎక్కువ. గుంటూరులో తెలుగు మీడియంలో చదివినవారు దిద్దుకోవాల్సింది వాక్యాల వరుసా, ఒకటి రెండు అక్షరదోషాలూ. గుణుపురంలో రాసేవారు లిపి, వర్ణక్రమం, యాస, ఒడియా పలుకుబడి, స్థానిక పాలన మాటలు అన్నీ దిద్దుకోవాలి. ఇంత బరువును మొదటి వాక్యం మీదే పెడితే అది లేవదు.

నోటికి వచ్చిన తెలుగులోనే

చిత్తుప్రతిని ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాయాలి. పర్లాకిమిడిలో ‘ఏటి’, ‘ఎల్లినాడు’, ‘గుంటడు’ అని వస్తే అలాగే రాయాలి. సిరొంచలో ‘ఏంది’, ‘పోయిండు’, ‘గట్ల’ అని వస్తే అదే రాయాలి. పత్రికల భాషలోకి మార్చడమో, యాసలోనే ఉంచేయడమో తర్వాత తేల్చుకోవచ్చు. ఆ నిర్ణయాన్ని చిత్తుప్రతిలోకి తెస్తే రెండు రకాల నష్టం జరుగుతుంది. ఒకటి, వేగం పడిపోతుంది. రెండోది ఇంకా పెద్దది: గ్రాంథికమో పత్రికాభాషో పలికించబోతే రాసేవారు ఆ భాషలో తనకు వచ్చిన నాలుగు వాక్యాలకే పరిమితమవుతారు. ‘కార్యక్రమం ఘనంగా జరిగింది’ లాంటి అరువు వాక్యాలు వచ్చి కూర్చుంటాయి. ఇంట్లో చెప్పేటప్పుడు వచ్చే వివరాలు, అంటే ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏ గిన్నెలో ఏం వండారు, ఎంత ఖర్చయింది అన్నవి జారిపోతాయి.

ఈ విషయంలో సరిహద్దువాళ్లు సిగ్గుపడాల్సిన పని లేదు. రాసే భాష మాట్లాడే భాషకు దగ్గరగా ఉండాలని జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే. 1863లో పుట్టిన ఆయన ఆ ఊళ్లో ఉంటూనే చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష వారి నోటినుంచి విని నేర్చుకున్నారు, దానికి నిఘంటువు కూర్చారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లాక ఆయన ఊరు విడిచి రాజమండ్రి చేరారు. వ్యావహారికానికి అంత గట్టిగా నిలబడ్డ మనిషి పనిచేసిన ఊరి మాట చిత్తుప్రతికి పనికిరాదనుకోవడం తప్పు.

నోటుపుస్తకం, పేజీ, వేగం

చేత్తో రాసేవారికి పొడుగు గీతల నోటుపుస్తకం చాలు. మామూలు పేజీలో 24 గీతలు ఉంటాయనుకుంటే, గీతకు ఆరు తెలుగు మాటల చొప్పున పేజీకి 140కి కాస్త అటూ ఇటూగా పడతాయి. ఇంగ్లీషు పేజీ లెక్కతో దీన్ని పోల్చకూడదు. ‘వెళ్లిపోయాడనుకున్నాను’ అన్నది తెలుగులో ఒకే మాట. చిత్తుప్రతిలో గీత విడిచి గీత రాయాలి, ఎడమవైపు కాస్త అంచు వదలాలి, కాగితానికి ఒక పక్కే రాయాలి. అప్పుడు పేజీకి 70 మాటలు. రెండు వేల మాటల వ్యాసం కావాలంటే చిత్తు 2,500 మాటల దాకా రావాలి, ఎందుకంటే దిద్దేటప్పుడు ఐదో వంతు పోతుంది. ఆ లెక్కన దాదాపు 36 పేజీలు. వంద పేజీల నోటుపుస్తకంలో ఒక పక్కే రాస్తే 50 పేజీలు దొరుకుతాయి కాబట్టి ఒక వ్యాసానికి ఒక పుస్తకం సరిపోతుంది. ఖాళీ పక్కను రెండో విడతలో వాడుకోవాలి: కొత్తగా గుర్తొచ్చిన పేరా, అడిగి తెలుసుకున్న తేదీ, మార్చిన వాక్యం అన్నీ ఎదురు పేజీలోకే వస్తాయి. ప్రతి పేజీకీ నంబరు వేయడం మరవకూడదు. నంబరు లేని కాగితాలు ఒకసారి కలిసిపోతే వాటిని వరసపెట్టడానికే ఒక పూట పడుతుంది.

మొదలుపెట్టే ముందు అరపేజీలో ఐదారు మాటలు రాసుకుంటే చాలు. చెప్పాల్సిన సంగతులకు అవి గుర్తులు మాత్రమే. పూర్తి ప్రణాళిక వేసుకుంటే చాలామంది ప్రణాళిక దగ్గరే ఆగిపోతారు, అది పూర్తయిందన్న తృప్తితో అసలు రాతకు రారు. ఉపోద్ఘాతంతో మొదలుపెట్టడం కూడా చిత్తుప్రతికి చెరుపు. వ్యాసం దేని గురించో ఇంకా తెలియనప్పుడు దాన్ని పరిచయం చేయడం ఎవరివల్లా కాదు. బాగా తెలిసిన సంగతి, రాయడానికి సులువైన సంగతి, అది మధ్యలో రావాల్సిందైనా సరే, మొదట రాసేయాలి.

కూర్చుంటే 40 నిమిషాలు. ఆ సేపట్లో కొట్టివేతలు ఉండకూడదు, వెనక్కి వెళ్లి చదవకూడదు. అలవాటైన చేతికి ఒక విడతకు 350 నుంచి 450 మాటలు వస్తాయి. లేచేముందు తర్వాత ఏం రాయాలో ఒక గీతలో రాసిపెట్టాలి. మర్నాడు ఖాళీ కాగితం ఎదురు కాకుండా ఉండాలంటే ఇదే మార్గం.

ఖాళీలు వదిలి ముందుకు

చిత్తుప్రతిలో తెలియని చోట ఆగకుండా గీత గీసి ముందుకు పోవడం అన్నిటికన్నా విలువైన అలవాటు. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే చిన్న రైలు గురించి ఒకరు రాస్తున్నారనుకుందాం. చిత్తు ఇలా ఉండొచ్చు:

‘చిన్న బండి. నౌపడలో ఎక్కితే పర్లాకిమిడి, ఆపైన గుణుపురం. పట్టాల ఎడం ____. మొదలైంది 19__లో. గుణుపురం దాకా ఎయ్యడం ____లో. మెల్లగా ఎల్లేది. దిగి నడిచి మళ్లీ ఎక్కేవోళ్లని చెప్తారు (ఎవలు చెప్పినారు? రాయాలి). ఏటికి ఆపేసినారు అంటే పెద్ద లైను ఎయ్యడానికి. ఆపింది ____. పెద్ద బండి వచ్చింది ____. సంతరోజు బండిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదంట, గంపలే గంపలు. ఆ గంపల్లో ఏటుండేదో అమ్మమ్మనడగాలి.’

ఇందులో ఐదు ఖాళీలు, అడిగి తేల్చుకోవాల్సినవి రెండు ఉన్నాయి. రాసినవారు మొదటి ఖాళీ దగ్గరే ఫోన్ తీసి పట్టాల వెడల్పు వెతకడం మొదలుపెట్టి ఉంటే సంతరోజు గంపల దాకా వచ్చేవారు కాదు. నిజానికి వ్యాసానికి ప్రాణం ఆ గంపల్లోనే ఉంది. అంకెలు ఎవరికైనా దొరుకుతాయి: రెండున్నర అడుగుల వెడల్పు, అంటే 762 మిల్లీమీటర్లు. పర్లాకిమిడి దాకా 1900లో, గుణుపురం దాకా 1931లో. చిన్న లైను 2004లో ఆగింది, పెద్ద లైను మీద గుణుపురానికి బండి 2011లో వచ్చింది. ఇవన్నీ తర్వాత ఒక్క పూటలో నింపుకోవచ్చు. గంపల్లో ఏముండేదో మాత్రం అమ్మమ్మ ఉన్నప్పుడే అడగాలి. ఆ సంగతి గుర్తుచేసింది చిత్తుప్రతే.

ఇంకో సంగతి కూడా ఇక్కడ కనిపిస్తుంది. చాలా చిత్తుల్లో అసలు ప్రారంభం చివరి పేజీల్లో ఉంటుంది. మొదటి రెండు పేజీలు చేయి వేడెక్కడానికే సరిపోతాయి. రెండో విడతలో ఈ వ్యాసాన్ని గంపలతో మొదలుపెడితే చదివేవారు ఆగి చదువుతారు. పట్టాల వెడల్పుతో మొదలుపెడితే పక్కకు వెళ్లిపోతారు.

ఖాళీలకు ఒకే గుర్తు పెట్టుకోవాలి. చేతిరాతలో గీత, ఫోన్‌లో అయితే మూడు నక్షత్రాలు. ఫోన్‌లో ఆ గుర్తును వెతికితే మిగిలిన ఖాళీలన్నీ ఒకేసారి బయటపడతాయి. ఒకచోట చుక్కలు, ఇంకోచోట ప్రశ్నార్థకం పెడితే ఒకటి రెండు ఖాళీలు అచ్చు దాకా వెళ్లిపోతాయి.

లిపి తేడాతో వచ్చే తప్పులు

తెలుగు మాట్లాడగలిగినా తెలుగు అక్షరాలు తడుముకుంటూ రాసేవారు సరిహద్దులో చాలామంది ఉన్నారు. చిత్తుప్రతి ఒడియా లిపిలోనో దేవనాగరిలోనో రాసుకోవడంలో తప్పేమీ లేదు. చేయి ఆగకుండా నడవడమే కావాల్సింది. అయితే తెలుగులోకి ఎత్తి రాసేటప్పుడు ఎక్కడ దెబ్బతింటామో ముందే తెలిసి ఉండాలి.

ఒడియాలోనూ మరాఠీకి వాడే దేవనాగరిలోనూ ఎ, ఏలకు వేర్వేరు అక్షరాలు లేవు. ఒ, ఓలకూ అంతే. అందువల్ల ‘నెల’, ‘నేల’ ఒకేలా పడతాయి. ‘మెడ’, ‘మేడ’ ఒకటైపోతాయి. ‘తొలి’కీ ‘తోలి’కీ తేడా ఉండదు. ‘నెల మీద కూర్చున్నారు’, ‘మేడకు కండువా చుట్టారు’ లాంటి వాక్యాలు వచ్చేది ఇక్కడినుంచే. ఒడియాలో వ, బ రెండింటినీ ఒకే అక్షరంతో రాసే అలవాటు ఇంకో చిక్కు: ‘వండి’, ‘బండి’ కలిసిపోతాయి. కాబట్టి ఎత్తి రాసిన ప్రతిని ఒకసారి పూర్తిగా ఈ అక్షరాల కోసమే చదవాలి. అర్థం పట్టించుకోకుండా ఎ-ఏ, ఒ-ఓ, వ-బ మాత్రమే చూస్తూ పోవాలి. అర్థం కోసం చదివితే కన్ను తనకు తెలిసిన మాటనే చూసి తప్పును దాటేస్తుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవారికి ఇంతకన్నా ఎక్కువ తప్పులు పడతాయి. ల-ళ, న-ణ, త-ట, ద-డ ఏవీ సరిగా విడిపోవు. రోజూ కబుర్లకు అది సరిపోతుంది గానీ రెండు వేల మాటల చిత్తును అలా రాసి తెలుగు చేయడం మళ్లీ మొదటినుంచి రాయడంతో సమానం.

స్థానిక మాటలు, కొలతలు

ఊరి పనులకు సంబంధించిన మాటలు చిత్తుప్రతిలో అక్కడ వాడేవే ఉండాలి. ఊరి సభను ఒడిశా పల్లెల్లో ‘పల్లిసభ’ అంటారు, అదే రాయాలి. మహారాష్ట్రలో గడ్చిరోలి వైపు ‘తలాఠీ దగ్గర సాత్‌బారా తీసుకున్నాడు’ అంటే (తలాఠీ ఊరి రెవెన్యూ ఉద్యోగి, సాత్‌బారా భూమి వివరాల కాగితం) అలాగే ఉంచాలి. ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణీ అని చదువరులకు తెలిసిన కాగితానికి అది దగ్గరిదని చెప్పే వాక్యాన్ని రెండో విడతలో చేర్చవచ్చు. మాట దగ్గరే ఆగి పహాణీ రాయాలా అడంగల్ రాయాలా అని తర్జనభర్జన పడితే, తలాఠీ ఆ రోజు ఏమన్నాడో మరుగున పడుతుంది.

అంకె వేసిన ప్రతిచోటా కొలమానం కూడా రాయాలి. దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. ఒడిశాలో భూమిని ఎకరాలు, డెసిమల్స్‌లో చెబుతారు. ఆంధ్రలో ఎకరాలు, సెంట్లు. డెసిమల్, సెంటు రెండూ ఎకరంలో వందో వంతే. తెలంగాణలో గుంటలు, ఎకరానికి 40. మహారాష్ట్ర సాత్‌బారాలో హెక్టార్లు, ఆర్‌లు. హెక్టారుకు 100 ఆర్‌లు, దాదాపు 2.47 ఎకరాలు. చిత్తులో ‘ఇరవై పోయింది’ అని ఉండిపోతే నెల తర్వాత అది ఇరవై గుంటలా, ఇరవై సెంట్లా అన్నది రాసినవారికే తెలియదు. ఇరవై గుంటలంటే అరెకరం, ఇరవై సెంట్లంటే ఎకరంలో ఐదో వంతు. తగాదా గురించి రాసే వ్యాసంలో ఈ తేడాతో కథే మారిపోతుంది. చిత్తులో లెక్క మార్చకూడదు. చెప్పినవారు చెప్పిన కొలతలోనే రాసి, మార్పిడి తర్వాత కాగితం మీద చేయాలి.

వాక్యం ఒడియాలో నడిచినప్పుడు

మాటలకన్నా లోతుగా దాగే సమస్య వాక్యం కట్టులో ఉంది. ఒడియా, మరాఠీ చదువులో పడిన చేయి ‘ఏ మనిషి నిన్న వచ్చాడో ఆ మనిషి మళ్లీ వచ్చాడు’ అని రాస్తుంది. తెలుగు నోరు ‘నిన్న వచ్చిన మనిషే మళ్లీ వచ్చాడు’ అంటుంది. అలాగే ‘ఆయన చెప్పాడు, ఏమిటంటే రేపు సభ ఉంది’ అన్నది ‘రేపు సభ ఉందని చెప్పాడు’ అయితే సాఫీగా ఉంటుంది. మొదటిరకం వాక్యాలు తెలుగులో బొత్తిగా లేనివి కావు. సామెతల్లో, నొక్కి చెప్పేచోట వస్తాయి. పేరాలో నాలుగు వస్తే మాత్రం చదువుతుంటే అడ్డు తగులుతాయి.

చిత్తుప్రతిలో వీటిని పట్టించుకోకూడదు. దిద్దేటప్పుడు ‘ఏ... ఆ’, ‘ఎవరు... వారు’, ‘ఏమిటంటే’ ఉన్న వాక్యాలన్నిటి కింద పెన్సిల్‌తో గీత గీసి, ఒక్కోదాన్నీ పైకి చదివి, ఇంట్లో చెప్పినట్టు మళ్లీ చెప్పి చూడాలి. నోరు వేరేగా పలికితే నోటిమాటే రాయాలి. పైకి చదవకుండా ఇవి పట్టుబడవు.

ఒడియాలోనో ఇంగ్లీషులోనో పూర్తిగా రాసి ఫోన్ చేత అనువదింపజేసే పద్ధతి ఇప్పుడు విరివిగా కనిపిస్తోంది. దరఖాస్తుకు, నోటీసుకు అది సరిపోవచ్చు. వ్యాసానికి, జ్ఞాపకానికి, కథకు అది చెరుపే చేస్తుంది. చిత్తు రాస్తున్నప్పుడే రాసేవారికి తన ఆలోచన ఏమిటో తెలుస్తుంది. ఆ ఆలోచన వేరే భాషలో జరిగితే తెలుగులోకి వచ్చేది మాటలే, ఆలోచన నడక కాదు. ఎంత దిద్దినా అతుకు కనిపిస్తుంది. చేయి మరీ మొరాయిస్తే తెలుగులో మాట్లాడి రికార్డు చేసుకోవడం మేలు.

మాట్లాడి రాయడం

ఫోన్‌లో మాటను అక్షరంగా మార్చే సదుపాయం తెలుగుకు ఉంది. వేగం దాని గుణం: పది నిమిషాల్లో ఏడెనిమిది వందల మాటలు పడతాయి. అయితే యాస దానికి సరిగా అందదు. ‘ఎల్లినాడు’ అంటే ఇంకేదో పడుతుంది. ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు తప్పుతాయి. వాక్యం ఎక్కడ ముగిసిందో తెలియదు. కాబట్టి పది నిమిషాలు మాట్లాడగానే ఆపి, ఏమన్నామో గుర్తుండగానే చదివి పేర్లూ వాక్యాల ముగింపులూ సరిచేయాలి. రెండు రోజులు పోతే అందులో సగం రాసినవారికే అర్థం కాదు. పక్కనే మామూలు రికార్డింగ్ కూడా ఉంచుకుంటే తేల్చుకోవడం తేలిక.

పెద్దవాళ్ల చేత చెప్పించి రాసేటప్పుడు రికార్డింగ్ మీదే ఆధారపడాలి. ఒక గంట మాటను అక్షరాల్లోకి దించడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. కాబట్టి మొత్తం దించడానికి పూనుకోకుండా ముందు ఒకసారి విని, నిమిషాల గుర్తులు వేసుకుని, కావాల్సిన భాగాలే మాట పొల్లు పోకుండా దించుకోవాలి. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ అదే పేజీ పైన రాయాలి. ఎవరి పేరు బయట పెట్టవచ్చో వారినే అడిగి అక్కడే రాసుకోవాలి.

కంప్యూటర్‌లో రాసేవారికి ఒక హెచ్చరిక. అచ్చుపని చేసే డీటీపీ కేంద్రాల్లో చాలాచోట్ల ‘అను’ అనే ఫాంట్లు వాడతారు. అవి యూనికోడ్ కావు, అంటే ఫోన్లకూ కంప్యూటర్లకూ అన్నిటికీ ఒకేలా అర్థమయ్యే అక్షరాల పద్ధతి వాటిది కాదు. అందులో కొట్టిన చిత్తు ఫోన్‌లోనో ఇంకో కంప్యూటర్‌లోనో తెరిస్తే పిచ్చి గీతలుగా కనిపిస్తుంది, మార్పిడి చేస్తే ఒత్తులు, గుణింతాలు అక్కడక్కడా చెడతాయి. చిత్తుప్రతి యూనికోడ్‌లోనే ఉండాలి. అచ్చుకు వెళ్లే చివరి ప్రతిని వాళ్లు తమకు కావాల్సిన ఫాంటులోకి మార్చుకుంటారు.

చిత్తు ముగిసిందని ఎప్పుడు అనుకోవాలి

ముందు రాసుకున్న ఐదారు గుర్తుల మీదా ఏదో ఒకటి కాగితం మీదికి వచ్చి, కొత్త పేరాల్లో పాత సంగతే తిరిగి వస్తుంటే చిత్తు పూర్తయినట్టే. బాగుందా లేదా అన్న తీర్పు అప్పుడే ఇవ్వకూడదు. కనీసం మూడు రోజులు పక్కన పెట్టాలి. వారం అయితే ఇంకా మంచిది, ఎందుకంటే అప్పటికి రాసిన వాక్యం నోటికి రాదు, కొత్తవాళ్ల రాత చదివినట్టు చదవవచ్చు. ఆ మూడు రోజుల్లో ఖాళీలు నింపే పని చేసుకోవచ్చు: తేదీలు చూడటం, పెద్దవాళ్లను అడగటం, కొలతలు సరిచూడటం.

ఈ దశలో చిత్తును ఎవరికీ చూపించకపోవడం మంచిది. ముఖ్యంగా తెలుగు బాగా వచ్చిన బంధువులకు. వాళ్లు ప్రేమతోనే చదువుతారు, కానీ మొదట వాళ్ల కంట పడేది ళ బదులు ల, ‘వెళ్లాడు’ బదులు ‘ఎల్లినాడు’. ఎర్ర సిరా నిండిన కాగితం చూసి సగంలో మానేసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. రెండో ప్రతి ముగిశాక ఇద్దరికి ఇవ్వాలి: సొంత ఊరివారు ఒకరు, ఆ ఊరు తెలియని ఆంధ్ర, తెలంగాణ వారు ఒకరు. ఊరివారిని ‘ఇది ఇలాగే జరిగిందా’ అని అడగాలి. బయటివారిని ‘ఎక్కడ అర్థం కాలేదు’ అని మాత్రమే అడగాలి. వాళ్లు పల్లిసభ దగ్గర ఆగితే అక్కడ ఒక వాక్యం చేరుతుంది, ‘ఏటి’ దగ్గర ఆగకపోతే ఆ మాటను మార్చాల్సిన అవసరం లేదని తేలుతుంది.

అచ్చయిన తర్వాత కూడా చిత్తు నోటుపుస్తకాన్ని పారేయకూడదు. అట్ట మీద తేదీ, ఊరు రాసి దాచాలి. చివరి ప్రతిలో యాస సగం పోతుంది, పేర్లు కొన్ని తీసేయాల్సి వస్తుంది, పెద్దవాళ్లు అన్న మాటలు కుదించాల్సి వస్తుంది. అవన్నీ చిత్తులో ఉంటాయి. తర్వాతి వ్యాసానికి కావాల్సిన సంగతి చాలాసార్లు పాత చిత్తు ఎడమ అంచులో, సమయం లేక వదిలేసిన ప్రశ్నగా దొరుకుతుంది.